గస్తీ నిషాన్ 53, 1348 ఫస్లీ, మా అశోక్ నగర్

అశోక్ నగర్లో మూడో అంతస్తు రూము మాది. ముగ్గురం ఉంటాం. నేను సాఫ్టువేరు, మిగతా ఇద్దరూ గ్రూప్స్. ఉద్యోగం వచ్చాక కూడా అక్కడే ఎందుకురా, మాదాపూర్ మారిపోవచ్చుగా అని ఇంట్లోవాళ్ళు అడుగుతూనే ఉంటారు. మెస్సు భోజనం, చిక్కడపల్లి లైబ్రరీ, క్రాస్ రోడ్స్‌లో ఆదివారం సినిమా వదిలి వెళ్ళబుద్ధి కావట్లేదు. దీనికి నేను కట్టే మూల్యం ఏంటంటే, రోజూ తెల్లవారుజామున ఐదింటికి తెలంగాణ చరిత్ర బిట్లు వింటూ నిద్ర లేవడం.

"గస్తీ నిషాన్ తిర్పన్ ఏ సంవత్సరం?"

"1921."

"దేని గురించి?"

"సభలకి, సమావేశాలకి ముందస్తు పర్మిషన్."

"నెక్స్ట్."

ఇలా కొన్ని వందలసార్లు విని ఉంటాను. ఎవరూ అక్కడ ఆగరు. ఆగితే సిలబస్ అవదు కదా. నేను కూడా ఆగేవాణ్ణి కాదు, ఆ మధ్య ఒక చిన్న సంగతి జరక్కపోయి ఉంటే.

వర్షాకాలంలో మా సందులోకి నాలా నీళ్ళు వస్తాయి. కొత్తేం కాదు, ఇక్కడ ఉన్నవాళ్ళందరికీ తెలిసిందే. ఒక సాయంత్రం హాస్టళ్ళ కుర్రాళ్ళం ఓ పదిహేను మందిమి అట్టల మీద నాలుగు మాటలు రాసుకుని ఫుట్‌పాత్ మీద నిలబడ్డాం. నినాదాలు లేవు, మైకు లేదు, రోడ్డు ఆపింది లేదు. అరగంటలో ఒక పోలీసాయన వచ్చాడు (ఏ స్టేషనో, ఏ సందో చెప్పను, అనవసరం). దురుసుగా ఏం మాట్లాడలేదు.

"పర్మిషన్ తీసుకున్నరా తమ్మీ?"

"దీనికి కూడా కావాలా సార్? ఏ రూలు ప్రకారం?"

"సిటీ పోలీస్ ఆక్ట్ ఉంటది. పోండి, పోయి చదువుకోండి."

చదువుకోమన్నాడు కాబట్టి రూముకొచ్చి చదివాను :-)

హైదరాబాద్ సిటీ పోలీస్ చట్టం, 1348 ఫస్లీ. ఆ అంకె చూడగానే మతిపోయింది. 1348 అంటే కాకతీయులు పోయి పాతికేళ్ళు, బహమనీలు వచ్చి ఏడాది. అప్పుడే పోలీస్ ఆక్ట్ ఏంటి? తర్వాత వెలిగింది, ఇది ఫస్లీ సంవత్సరం. నిజాం ప్రభుత్వం లెక్కలన్నీ ఫస్లీలోనే నడిచేవి. 590 కలిపితే మన లెక్క వస్తుంది. హైదరాబాద్ ఫస్లీ సంవత్సరం అక్టోబరులో మొదలవుతుంది కాబట్టి, 1938 అక్టోబరు నుంచి 1939 అక్టోబరు మధ్యలో ఎప్పుడో చేసిన చట్టమన్నమాట.

ఆ ఏడాదిని కాస్త గుర్తు చేసుకోండి. హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్‌ని పుట్టకముందే, 1938 సెప్టెంబరులో నిషేధించారు. అక్టోబరు 24న సత్యాగ్రహం మొదలైంది. ఆర్యసమాజం వాళ్ళదీ అదే సమయంలో. నవంబరు చివర్లో ఉస్మానియా హాస్టళ్ళలో వందేమాతరం పాడారని విద్యార్థుల్ని బయటికి పంపేస్తే, చాలామంది చదువు కోసం నాగపూర్ వెళ్ళారు. పీవీ నరసింహారావు వాళ్ళలో ఒకరు. సరిగ్గా ఆ ఏడాది లెక్కలో రాసిన చట్టమే ఇప్పటికీ మన నగర పోలీసుల చేతిలో ఉంది. ప్రతి దీపావళికీ రోడ్ల మీద టపాసులు కాల్చొద్దని కమిషనర్ గారు ఇచ్చే ప్రకటనలో కూడా ఈ 1348 ఫస్లీయే కనిపిస్తుంది. ఈసారి పేపర్లో చూడండి.

ఇప్పుడు మా రూమ్మేట్ల 1921కి వద్దాం.

గస్తీ అంటే సర్క్యులర్. నిషాన్ అంటే నంబరు. తిర్పన్ అంటే యాభైమూడు. ఖిలాఫత్ ఉద్యమం వేడి హైదరాబాదు సభల దాకా వచ్చిన రోజుల్లో నిజాం ప్రభుత్వం జారీ చేసింది. సారాంశం ఒక్క ముక్క: బహిరంగ సభ పెట్టాలంటే ముందుగా సర్కారు అనుమతి కావాలి. ఇవ్వాలా వద్దా అన్నది సర్కారు ఇష్టం.

అదే 1921 నవంబరులో వివేకవర్ధిని హాలులో మహర్షి కార్వే అధ్యక్షతన సంఘ సంస్కరణ సభ జరిగింది. మరాఠీలో, ఉర్దూలో, ఇంగ్లీషులో మాట్లాడితే విన్న జనం, ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మొదలుపెట్టేసరికి గోల చేశారు. ఆ రాత్రే కొందరు కూర్చుని ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. ఈ కథ కూడా బిట్టే, అందరికీ వచ్చు. ఈ రెండు బిట్లనీ పక్కపక్కన పెట్టి చూసేవాళ్ళే తక్కువ. సభ పెట్టుకోవడమే సర్కారు దయ మీద ఆధారపడ్డ ఊళ్ళో పుట్టిన సంఘం అది. మొదటి పదేళ్ళూ గ్రంథాలయాలు, బడులు, వెట్టిచాకిరీ మీద కరపత్రాలు, వ్యాపారుల ఇబ్బందులు, వీటి చుట్టూనే ఎందుకు తిరిగారో దీన్నిబట్టే అర్థమవుతుంది. వాళ్ళకి రాజకీయం తెలీక కాదు. తెలిసే, పర్మిషన్ దొరికే మాటలే మాట్లాడారని నా అభిప్రాయం. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగాక, ఈ గస్తీని రద్దు చెయ్యమని సభల్లో తీర్మానాలు చేస్తూ వచ్చారు. సభ పెట్టడానికి పర్మిషన్ తీసుకుని, ఆ సభలోనే పర్మిషన్ వద్దని తీర్మానం చెయ్యడం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

మా పేటలోనే ఈ కథకి రెండు ముఖాలూ ఉన్నాయి. నారాయణగూడలో రాజా బహదూర్ వెంకటరామారెడ్డి పేరుతో ఆడపిల్లల కాలేజీ ఉంది కదా. ఆయన 1920 నుంచి 1934 దాకా హైదరాబాదు కొత్వాల్, అంటే ఇప్పటి లెక్కలో నగర పోలీస్ కమిషనర్. గస్తీ 53 రోజుల్లో నగరంలో పోలీసు పగ్గాలు ఆయన చేతిలోనే ఉన్నాయి. అదే మనిషి 1918లో రెడ్డి హాస్టల్ పెట్టించాడు. ఆ హాస్టల్లో చదివిన కుర్రాళ్ళలో తర్వాత నిజాంకి ఎదురు తిరిగినవాళ్ళు ఎంతమందో. అదే నారాయణగూడలో మాడపాటి హనుమంతరావు గారి బాలికల పాఠశాల ఉంది, 1928 నాటిది. ఆంధ్రోద్యమాన్ని నడిపించి, ఆ ఉద్యమ చరిత్రని తనే పుస్తకంగా రాసిన మాడపాటి, 1951లో హైదరాబాదుకి మొదటి మేయరయ్యారు. అనుమతులు అడుక్కున్న మనిషే నగరానికి ప్రథమ పౌరుడయ్యాడు. చట్టం పుస్తకం మాత్రం అక్కడే ఉంది.

గస్తీ 53 నిజాంతో పోయింది. 1348 ఫస్లీ చట్టం ఎందుకు పోలేదు? ఇదీ నన్ను తొలిచేసిన ప్రశ్న.

జవాబు రాజ్యాంగంలోనే ఉంది, 13వ అధికరణంలో. 1950 జనవరి 26కి ముందున్న చట్టాలన్నిటినీ తీసి పారెయ్యలేదు. ప్రాథమిక హక్కులకి విరుద్ధంగా ఉన్నవి "ఆ విరుద్ధత ఉన్నంత మేరకు" మాత్రమే చెల్లవు అంది. ఆ "మేరకు" అన్న ముక్క మీద కోర్టులు పెద్ద సిద్ధాంతమే కట్టాయి. చెడిన ముక్కని కోసేసి మిగతా చట్టాన్ని బతికించడం. విభజనీయత అంటారు తెలుగు లా పుస్తకాల్లో. మన భాషలో చెప్పాలంటే, లెగసీ కోడ్ మొత్తం తిరగరాసే ఓపిక లేక, బగ్ ఉన్న లైన్లని కామెంట్ చేసి బిల్డ్ ఆడుతోందా లేదా చూడటం. అమెరికాలో ఉన్న మిత్రులు మీ ఊరి మునిసిపల్ కోడ్ తిరగేసి చూడండి, "ఇందులో ఏ భాగం చెల్లకపోయినా మిగతాది చెల్లుతుంది" అని చాలా ఊళ్ళు ఒక సెక్షన్ రాసుకుంటాయి. మనకి రాజ్యాంగమే ఆ పని చేసిపెట్టింది.

అయితే ప్రతిసారీ కొయ్యడం కుదరదు. 1950 మే నెలలోనే వారం తేడాతో సుప్రీంకోర్టు రెండు రకాల తీర్పులూ ఇచ్చింది. ఏ.కె. గోపాలన్ కేసులో నివారక నిర్బంధ చట్టంలోంచి 14వ సెక్షన్ని మాత్రం తీసేసి మిగతాది ఉంచింది. రమేశ్ థాపర్ కేసులో ఒప్పుకోలేదు. మద్రాసు ప్రభుత్వం (అప్పటికి కోస్తా, రాయలసీమ అందులోనే) ఒక బొంబాయి వారపత్రికని రాష్ట్రంలోకి రాకుండా నిషేధించింది. ఆ పత్రిక పేరు క్రాస్ రోడ్స్. మా ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌కి సంబంధం లేదు, చదవగానే నవ్వొచ్చింది, అంతే. ఆ అధికారం ఇచ్చిన సెక్షన్లోని మాటలు ఎంత వెడల్పుగా ఉన్నాయంటే, న్యాయమైన వాడకాన్నీ అన్యాయమైన వాడకాన్నీ విడదియ్యడం కుదరదు. కాబట్టి ఆ నిబంధన మొత్తం చెల్లదు అన్నారు.

1957లో ఆర్‌ఎండీ చమర్‌బాగ్‌వాలా కేసు. క్రాస్‌వర్డ్ పోటీల వాళ్ళు వేసింది. బహుమతి పోటీల చట్టం జూదానికీ, నైపుణ్యం మీద ఆడే పోటీలకీ కలిపి వర్తించేలా ఉంటే ఏం చెయ్యాలన్నది ప్రశ్న. జస్టిస్ వెంకటరామ అయ్యర్ ఏడు సూత్రాలు రాశారు. అన్నీ చెప్పి విసిగించను. నాకు నచ్చినవి రెండు. ఒకటి, చెడిన ముక్క లేదని ముందే తెలిస్తే శాసనసభ మిగతా ముక్కని చేసేదేనా అని అడగాలి. రెండు, మిగిలినదాన్ని నిలబెట్టడానికి మాటలు మార్చి రాయాల్సి వస్తే వదిలెయ్యాలి, మొత్తం పోవాల్సిందే. అంటే కోర్టు డిలీట్ కొట్టొచ్చు, ఎడిట్ చెయ్యకూడదు. ఆ కేసులో చట్టం బతికింది, జూదం పోటీలకి మాత్రమే.

మన తెలంగాణలో మొత్తం పోయిన దానికి ఉదాహరణ కావాలంటే, 1329 ఫస్లీ చట్టం, అంటే 1919 నాటిది. ట్రాన్స్‌జెండర్ల పేర్లు రిజిస్టరులో రాసి పెట్టమనీ, ఆడవాళ్ళ బట్టల్లో బయట కనిపిస్తే వారంటు లేకుండా పట్టుకోవచ్చనీ అందులో ఉండేది. నిజాం పోయినా, హైదరాబాద్ రాష్ట్రం పోయినా, ఆంధ్రప్రదేశ్ విడిపోయినా అది పుస్తకంలో ఉండిపోయింది. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు పూర్తిగా కొట్టేసింది. అందులో కోసి ఉంచుకోదగ్గది ఏమీ మిగల్లేదు. నూట నాలుగేళ్ళు పట్టింది.

సరే, సభలకి పర్మిషన్ సంగతి? దానికి సరిగ్గా సరిపోయే కేసు అహ్మదాబాదుది. 1969లో ఒకాయన విద్యార్థుల సమ్మెకి సంబంధించి వీధిలో సభ పెట్టుకుంటానని అడిగితే పోలీసులు ఇవ్వలేదు. హిమ్మత్‌లాల్ షా కేసు. 1972లో రాజ్యాంగ ధర్మాసనం తీర్పు, ప్రధాన న్యాయమూర్తి సిక్రీ. బొంబాయి పోలీసు చట్టం కింద అహ్మదాబాదు కమిషనర్ రాసుకున్న రూల్సులో 7వ రూలు, ముందుగా రాతపూర్వక అనుమతి లేకుండా బహిరంగ సభ పెట్టకూడదనేది. కోర్టు ఏమందంటే, వీధుల్లో సభల్ని క్రమబద్ధం చెయ్యడానికి రూల్సు రాసే అధికారం ఉంది, ఆ సెక్షన్ మంచిదే. కానీ ఏ కారణంతో కాదనొచ్చో ఒక్క ముక్క రాయకుండా, ఇవ్వడం ఇవ్వకపోవడం అధికారి ఇష్టానికి వదిలేసిన 7వ రూలు చెల్లదు. రూలు పోయింది, చట్టం ఉంది.

చదువుతుంటే నాకు గస్తీ 53 గుర్తొచ్చింది. అక్కడ లోపం కూడా ఇదే కదా. అనుమతి అడగమనడం కాదు, ఎందుకు కాదంటారో చెప్పనక్కర్లేకపోవడం. ఒక నగరం గురించి రాసిన చిన్న రూలు మీద వచ్చిన తీర్పే అయినా, అందులో చెప్పిన న్యాయం దేశమంతటికీ వర్తిస్తుంది. వర్తించాలి. వర్తిస్తోందా?

ఇక్కడే అసలు చిక్కు. అహ్మదాబాదు 7వ రూలుని కోస్తే అహ్మదాబాదు కాపీలోనే ఆ లైను పోతుంది. అలాంటి లైనే ఇంకో నగరం రూల్సులో ఉంటే, అది కాగితం మీద అలాగే ఉంటుంది, ఎవరో ఒకరు కోర్టుకి వెళ్ళేదాకా. మనం ఒక బ్రాంచిలో ఫిక్స్ చేసి మిగతా బ్రాంచిల్లో మెర్జ్ చెయ్యకపోతే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. పైగా కోసిన చోట కూడా కొత్త పుస్తకం అచ్చువేసి ప్రతి స్టేషనుకీ పంపే బాధ్యత తీర్పు ఇచ్చిన కోర్టుది కాదు. ఆ పని ఎవరిదో స్పష్టంగా ఎవరిదీ కాదు.

ఇది నా ఊహ కాదు, మన రంగంలోనే దీనికి రుజువుంది. ఐటీ చట్టం 66ఏ. ఇంటర్నెట్లో "తీవ్రంగా అభ్యంతరకరం" లాంటి మాటలకి జైలు. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అందులోనూ ఇదే చర్చ జరిగింది. పనికొచ్చేంత వరకు ఉంచి మిగతాది కొయ్యండి అని ప్రభుత్వం అడిగింది. జస్టిస్ నారిమన్ పాత రమేశ్ థాపర్ తీర్పు దగ్గరికే వెళ్ళి, ఈ మాటల్ని విడదియ్యడం కుదరదు, సెక్షన్ మొత్తం పోవాలన్నారు. పక్కనే ఉన్న 69ఏ మాత్రం నిలబడింది. చక్కగా, శుభ్రంగా కోశారు కదా? 2021 జులైలో అదే కోర్టు ముందుకి తేలిన సంగతేంటంటే, ఆరేళ్ళ తర్వాత కూడా పోలీసులు 66ఏ కింద కేసులు పెడుతూనే ఉన్నారు. అప్పటి అటార్నీ జనరల్ వేణుగోపాల్ ఇచ్చిన వివరణ నేను ఎన్నిసార్లు తలుచుకున్నానో. పుస్తకంలో సెక్షన్ ఇంకా అచ్చయ్యే ఉంది, కొట్టేశారన్న మాట కింద ఫుట్‌నోట్‌లో ఉంది, పోలీసు అధికారి సెక్షన్ చూస్తాడు, ఫుట్‌నోట్ చూడడు. ఆ కేసుల్ని ఆపమని 2022లో కోర్టు మళ్ళీ ఆదేశాలివ్వాల్సి వచ్చింది.

ఇంటర్నెట్ మీద, ఇంగ్లీషులో, దేశమంతా టీవీల్లో మార్మోగిన తీర్పుకే ఈ గతి. ఇక 1348 ఫస్లీ నాటి ఊరి చట్టం కింద ఏ రూలు ఎంత మేరకు చెల్లుతుందో ఫుట్‌పాత్ మీద ఎవరు చెప్పగలరు? ఆ పోలీసాయన మీద నాకు కోపం రాకపోవడానికి కారణం ఇదే. ఆయనకి ఉన్న కాపీ ఆయన చదివాడు.

మా ఇంటికి పది నిమిషాల నడక ఇందిరా పార్కు. పార్కు పక్కనే ధర్నా చౌక్. అంగన్‌వాడీ టీచర్లు, నిరుద్యోగులు, రైతులు, ఎవరికి కష్టమొచ్చినా ఏళ్ళ తరబడి వచ్చి కూర్చున్న చోటు. 2017 మొదట్లో ప్రభుత్వం ఇక్కడ వద్దు, ఊరి బయట పెట్టుకోండి అంది. ట్రాఫిక్, చప్పుడు, పార్కుకి వచ్చేవాళ్ళకి ఇబ్బంది అన్నవి కారణాలు. ఇక్కడ ఉండేవాడిగా చెప్తున్నా, ఆ ఇబ్బంది అబద్ధం కాదు. పరీక్ష ముందురోజు మైకులో నినాదాలు వింటూ చదవడం ఎలా ఉంటుందో మా రూమ్మేట్లని అడగండి. కానీ ప్రభుత్వం చూపించిన చోట్లు శంషాబాద్, గండిమైసమ్మ, జవహర్‌నగర్, ప్రతాపసింగారం. అక్కడ కూర్చుంటే సెక్రటేరియట్‌లో ఎవరికి వినపడుతుంది? 2017 మే 15న ధర్నా చౌక్ కావాలన్నవాళ్ళూ వద్దన్నవాళ్ళూ ఒకేచోట తలపడ్డారు, లాఠీలు లేచాయి. కేసు హైకోర్టుకి వెళ్ళింది, 2018లో మధ్యంతర ఉత్తర్వుతో మళ్ళీ తెరుచుకుంది. 2021 నవంబరు 18న ముఖ్యమంత్రి కేసీఆర్ వడ్ల కొనుగోలు మీద కేంద్రానికి వ్యతిరేకంగా మహాధర్నా చేసింది ఎక్కడనుకున్నారు? ఇక్కడే.

ఇంకో సంగతి. 2017లో హోంమంత్రి నాయిని నర్సింహారెడ్డి. సోషలిస్టు, కార్మిక నాయకుడు, ఎమర్జెన్సీలో జైలుకెళ్ళిన మనిషి. ఆయన పోయాక 2023 ఆగస్టులో ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ దాకా మా నెత్తి మీదుగా కట్టిన స్టీలు బ్రిడ్జికి ఆయన పేరు పెట్టారు. దాని ఒక కొస ధర్నా చౌక్ దగ్గరే దిగుతుంది. వెంకటరామారెడ్డి గారి కాలేజీ లాగే ఇదీ. మనుషుల్ని ఒక్క గడిలో పెట్టి లెక్కెయ్యలేం.

ఢిల్లీలోనూ ఇదే జరిగింది. 2017 అక్టోబరులో హరిత ట్రిబ్యునల్ జంతర్ మంతర్ దగ్గర ధర్నాలు ఆపించింది. 2018 జులైలో సుప్రీంకోర్టు, పూర్తి నిషేధం కుదరదు, మార్గదర్శకాలు రాసి క్రమబద్ధం చెయ్యండి అంది. రాసింది జస్టిస్ ఏ.కె. సిక్రీ. 1972 నాటి సిక్రీ వేరు, ఈయన వేరు. నలభై ఆరేళ్ళ తర్వాత అదే ఇంటిపేరు అదే మాట చెప్పాల్సి వచ్చింది.

2024 అక్టోబరుకి వద్దాం. అప్పటికి ప్రభుత్వం మారింది. గ్రూప్-1 మెయిన్స్ ముందు, జీవో 29 రద్దు చెయ్యాలని అభ్యర్థులు మా అశోక్ నగర్ రోడ్ల మీదకి వచ్చారు. లాఠీఛార్జి జరిగింది. మా రూమ్మేట్ చెప్పులు తెగి, మెట్ల మీద పరిగెత్తుకుంటూ వచ్చిన రాత్రి నాకు బాగా గుర్తు. 21న సుప్రీంకోర్టు పరీక్ష ఆపడానికి ఒప్పుకోలేదు, ఆ రోజే పరీక్షలు మొదలయ్యాయి. ఆ తర్వాత 27 సాయంత్రం నుంచి నెల రోజులు నగరమంతా ఐదుగురు, అంతకంటే ఎక్కువ మంది గుమిగూడొద్దని, ధర్నాలు వద్దని కమిషనర్ ఉత్తర్వు ఇచ్చారు. ధర్నాలకి మినహాయింపు ఒక్కటే: ఇందిరా పార్కు ధర్నా చౌక్‌లో శాంతియుతంగా అయితే పర్వాలేదు.

ఈ ఉత్తర్వుని రెండు మూడుసార్లు చదివాను. 2017లో నగరమంతటా ఏ చోటు వద్దన్నారో, 2024లో నగరమంతటా ఆ చోటు మాత్రమే అన్నారు. దీన్ని కూడా ఒకరకం విభజనీయతే అనుకోవచ్చు. కోర్టు చట్టంలోంచి చెల్లని ముక్క కోస్తుంది. సర్కారు ఊళ్ళోంచి ఒక ముక్క కోసి, హక్కు ఇందులో చెల్లుతుంది, మిగతా చోట చెల్లదు అంటుంది. ఉత్తర్వు కోర్టులో నిలబడ్డానికి ఆ ఒక్క మినహాయింపు చాలా పనికొస్తుంది. పూర్తి నిషేధం అయితే కొట్టేస్తారు, ఒక చోటు ఉంచితే అది క్రమబద్ధం చెయ్యడం అవుతుంది. లాయరు మిత్రుడొకడితో ఈ మాటంటే, అందులో తప్పేముంది, పెద్ద నగరాల్లో అంతే కదా అన్నాడు. ఒక చోటు ఉండటం తప్పని నేనూ అనను. పదిహేను మంది ఫుట్‌పాత్ మీద నాలా గురించి అట్ట పట్టుకుని నిలబడాలన్నా ఆ చోటుకే వెళ్ళమంటే మాత్రం ఒప్పుకోలేను. నాలా ఇక్కడుంది మరి.

ఇవన్నీ ఒక ఆదివారం పొద్దున మా వాళ్ళిద్దరికీ చెప్పాను. నల్లగొండ వాడు ఓపిగ్గా విన్నాడు. రెండోవాడు టీ తాగుతూ, "ఇదంత బానే ఉంది గని, బిట్టుకి ఆన్సర్ మారుతదా?" అన్నాడు.

"మారదు. 1921 నే."

"మంచిది" అని మళ్ళీ పుస్తకం తీశాడు.

మేం మాత్రం ఈసారి కాగితం రాసి ఇచ్చాం. ఎంతమంది, ఏ చోట, ఏ టైము, మైకు లేదు, రోడ్డు ఆపం, అన్నీ రాశాం. కుదరదంటే కారణం రాతలో ఇవ్వండి అని చివర ఒక వాక్యం చేర్చాను. తీసుకున్నాయన ఆ వాక్యం దగ్గర ఒక్క క్షణం ఆగి, నా మొహంలోకి చూసి, ముద్ర కొట్టి రసీదు ఇచ్చాడు. ఇంకా జవాబు రాలేదు. రసీదు మాత్రం రూములో, తెలంగాణ చరిత్ర పుస్తకంలో 1921 పేజీ దగ్గర పెట్టాను.